పుడిసెడు వాన

బస్సెక్కేటప్పటికి నా దగ్గర రెండు సంచులున్నాయి. ఒకదాంట్లో అర లీటరు స్టీలు బాటిలు, గొడుగు, కళ్లజోడు, తలనొప్పి మాత్రలు, కడుపునొప్పి మాత్రలు, ఏ నొప్పో తేలనప్పుడు వేసుకునే మాత్రలు. రెండోది ఖాళీది.

"ఖాళీ సంచికి కూడా సీటు కావాలామ్మా?" అన్నాడు కండక్టరు.

"వచ్చేటప్పుడు నిండుతుందిలే బాబూ."

"ఏం తెస్తారేంటి అక్కణ్నుంచి? అక్కడుండేది ఒక్క ఇల్లు. చుట్టూ పొలాలు."

"ఆ ఇంట్లోంచే తెస్తాను."

అతను నన్ను ఎగాదిగా చూసి, దొంగతనానికి పోయే రకం కాదని తేల్చుకున్నాడు కాబోలు, టికెట్ చింపి ఇచ్చి ముందుకు వెళ్లాడు.

నేను తేదలచుకున్నవి మా పిచ్చుక బట్టలు. వాటితో పాటు పిచ్చుకని.

పిచ్చుక మా చెల్లెలి కూతురు. అన్నం ముందు కూర్చుంటే ముక్కుతో పొడిచినట్టు గింజా గింజా ఏరుకు తినేదని చిన్నప్పుడు నేను పెట్టిన పేరు. ఇప్పుడు దానికి ఇరవై తొమ్మిదేళ్లు. వాళ్లమ్మ జ్వరంతో పోయేనాటికి నాలుగేళ్లది. దోమ కుట్టడం వల్ల వచ్చిన జ్వరమన్నాడు డాక్టరు. ఆనాటి నుంచి నాకు నిలవనీళ్లు కంటపడితే చెయ్యి ఊరుకోదు. మా వీధిలో ఎవరి వాకిట్లో పూలకుండీ కింద పళ్లెంలో నీళ్లున్నా వంచేశాకే ముందుకు కదులుతాను. "మున్సిపాలిటీ వచ్చిందర్రోయ్" అని నవ్వుతారు. నవ్వనీ.

నాది ఇస్త్రీ పని. ముప్పై ఏళ్లు ఒకే బల్ల మీద చేశాను. పిచ్చుక ఆ బల్ల పక్కనే నేల మీద నాకెదురుగా కూర్చుని ఒకటో తరగతి పుస్తకం గట్టిగా చదివేది. నేను చొక్కాలు రుద్దుతూ, పైనుంచి తలకిందులుగా ఆ అక్షరాల వంక చూస్తూ ఉండేదాన్ని. అది రెండో తరగతిలో ఉండగా ఒకరోజు ఏదో వాక్యం తప్పు చదివింది. "సరిగ్గా చూడు, అక్కడ అలా లేదు," అన్నాను. అది తలెత్తి కళ్లింత చేసుకుని, "నీకు చదవడం వచ్చా?" అంది. వచ్చేసిందని నాకూ అప్పుడే తెలిసింది. అప్పట్నుంచి అచ్చులో ఏది కనబడినా వదలను. గోడ మీద కాగితాలు, మందు డబ్బాల మీద చిన్న అక్షరాలు, లైబ్రరీలో అట్టలూడిన పుస్తకాలు, అన్నీ. అచ్చులో ఉన్నదల్లా నమ్ముతాను కూడా. అదొక్కటే చిక్కు.

ఆరు నెలల కిందట పిచ్చుకకి ఈ ఉద్యోగం వచ్చింది. వానల మీద పరిశోధన చేసి దేశదేశాల్లో పేరు తెచ్చుకున్న శాస్త్రవేత్త ఒకాయన పొలాల మధ్య కట్టుకున్న ఇల్లు. ఆయన పోయి నలభై ఏళ్లయింది. ఇప్పుడా ఇంటిని చూడ్డానికి జనం వస్తారు. ఇంటిని కనిపెట్టుకుని ఉంటూ, వచ్చినవాళ్లకి అన్నీ చూపించే మనిషి కావాలన్నారు. ఆరు నెలలు చూస్తాం, నచ్చితే ఖాయం చేస్తాం, లేకపోతే లేదు అన్నారు. ఆ ఆరు నెలలూ ఈ రోజుతో సరి.

వెళ్లేవాళ్లని సాగనంపడం నాకు చేతకాదు. చెల్లెలు ఆస్పత్రి బండి ఎక్కుతూ "రేపొచ్చేస్తానక్కా" అంది. మా ఆయన చెప్పులు వేసుకుంటూ "ఇప్పుడే వస్తా" అని, వీధి చివర కుప్పకూలిపోయాడు. ఎవరు "వస్తా" అన్నా నా గుండె దడదడలాడుతుంది. పిచ్చుక బస్సెక్కిన రోజున ఆ బస్సు మలుపు తిరిగి పోయాక కూడా నేను అరగంట అక్కడే నిలబడ్డానని టీకొట్టతను ఇప్పటికీ వెక్కిరిస్తాడు.

దాని ఉద్యోగం ఖాయం కాకూడదని నేను కోరుకోలేదు. కాకపోతే బాగుండునని మాత్రం అనుకున్నాను. రెండింటికీ తేడా ఉందని దారి పొడవునా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. దాని మంచం మీద దుప్పటి ఇస్త్రీ చేసి పరిచి మరీ బయలుదేరాను.

రాత్రంతా దంచిన వాన తెల్లారేసరికి తెరిపిచ్చింది. ఏడున్నరకి బస్సు దిగితే పిచ్చుక గేటు పట్టుకుని నిలబడి ఉంది.

"చిక్కిపోయావే," అన్నాను.

"మూడు కిలోలు పెరిగాను పెద్దమ్మా."

"అదే, ఒళ్లొచ్చి మొహం చిక్కిపోయింది."

"దిగీ దిగగానే మొదలా? పద, ముందు ఇల్లు చూద్దువుగాని. ఎనిమిదిన్నరకి నాకు పనుంది. ఆ వెనకే మాస్టారు వస్తారు."

"ఏ మాస్టారు?"

"ఫోన్లో పదిసార్లు చెప్పాను. పెద్దాయన శిష్యుడు. ఈ ఇంటిని చూసుకునే సంఘానికి ఆయనే పెద్ద. ఇవాళ నా కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే."

"పెడతాడా?"

"పెట్టకూడదని మొక్కుకొచ్చావా ఏంటి, అలా అడుగుతున్నావు?"

నేను చెప్పులు విప్పే పనిలో మునిగిపోయాను.

అంత పేరున్న మనిషి ఇల్లు ఎంత ఉంటుందో అనుకున్నాను. నాలుగే గదులు. గుమ్మంలోనే గొడుగుల స్టాండు, దాంట్లో పదకొండు గొడుగులు, ఒక్కటీ వాడినట్టు లేదు. వానలో తడుస్తున్నాడని జాలిపడి జనం ఇచ్చినవట, ఆయన తడవడం మానలేదట. పడకగది పైకప్పు రేకులది. చినుకు చప్పుడు వినబడాలని పెంకులు తీయించి రేకులు వేయించాడట. ప్రతి వస్తువు పక్కనా ఒక చిన్న అట్ట, దాని మీద అచ్చక్షరాలు. నేను ఒక్కోటీ ఆగి పైకి చదువుతున్నాను.

"అన్నీ చదవక్కర్లేదు, నేను చెప్తాగా," అంది పిచ్చుక.

"నువ్వు చెప్పేది వేరు, అచ్చులో ఉన్నది వేరు."

"అవన్నీ రాసింది నేనే."

"అయితే ఇంకా జాగ్రత్తగా చదవాలి."

వంటగదిలో ఒక జల్లెడ, వెడల్పాటి పళ్లెం, గరిటె అద్దాల బీరువాలో పెట్టి ఉన్నాయి. మా ఇంట్లో ఉండేలాంటి జల్లెడే. ఆయన పళ్లెంలో పిండి పలచగా పరిచి, వానలో ఒక్క క్షణం పెట్టి లోపలికి లాగేవాడట. చినుకు పడ్డచోటల్లా పిండి చిన్న ఉండ కట్టేది. ఆ ఉండల్ని ఆరబెట్టి, జల్లెడ పట్టి, ఏ వానకి ఎంతెంత చినుకులు పడతాయో లెక్క తేల్చాడు.

"ఇంట్లో పిండంతా వానపాలు చేస్తుంటే పెళ్లాం ఊరుకుందా?"

"జల్లెడ పట్టింది ఆవిడే పెద్దమ్మా."

"అనుకున్నా. పేరు మాత్రం ఆయనకి."

"ఆవిడ పేరు కూడా అట్ట మీద వేశాను. చూడు."

చూశాను. వేసింది. నాకు గర్వంగా అనిపించింది, వెంటనే భయమూ వేసింది. ఈ ఇంట్లో అది మా ఇంట్లో కంటే హాయిగా తిరుగుతోంది. కిటికీ గడియ ఎక్కడ బిగుసుకుంటుందో, నేల మీద ఏ చెక్క కిర్రుమంటుందో దాని చేతులకీ కాళ్లకీ తెలిసిపోయింది.

"కాసేపు తోట చూస్తూ ఉండు. నేను కిటికీలన్నీ తెరిచి టీ పెడతా. పూలు మాత్రం కోయకు."

"నేనెందుకు కోస్తానే?"

నిజంగానే పూల జోలికి పోలేదు. ఇంటి వెనక పొట్టిగా కత్తిరించిన గడ్డి, దాని చుట్టూ మోకాలెత్తు తీగ కంచె. మధ్యలో రాగి డబ్బా ఒకటి, దాని నెత్తిన గరాటు. గరిటెకి కూడా అట్ట పెట్టిన పిల్ల దీనికి మాత్రం ఏమీ పెట్టలేదు. కంచె చిన్న తలుపు తీసుకుని లోపలికి వెళ్లి గరాటు పైకెత్తి చూశాను. డబ్బాలో గాజు సీసా, దాన్నిండా నీళ్లు.

పొద్దున బస్టాండు గోడ మీద చదివిన కాగితం అక్షరం పొల్లు పోకుండా కళ్ల ముందు కదిలింది. "ఇంటి పరిసరాల్లోని డబ్బాలలో, సీసాలలో నీరు నిలవ ఉండనీయకండి." ఇది డబ్బా. అందులో సీసా. పదడుగుల దూరంలో మా పిల్ల పడుకునే గది కిటికీ.

పారబోద్దామని వంచబోయి ఆగాను. వరండా చూరు కింద పూలకుండీలు ఎండిపోయి ఉన్నాయి, వానజల్లు అక్కడిదాకా అందలేదు. మంచి నీళ్లు మట్టిపాలు చేయడమెందుకని సంచిలోంచి స్టీలు బాటిలు తీశాను. బస్సులో తాగేశాక బోర్లించి ఆరబెట్టిందే. మెడదాకా నింపాను. అడుగున ఇంకాస్త మిగిలాయి. వాటిని అరచేతిలోకి వంపుకుంటే సరిగ్గా పుడిసెడయ్యాయి. ప్రయాణపు దుమ్ము పోయేలా మొహం కడుక్కున్నాను. సీసా యథాస్థానంలో పెట్టి, గరాటుకి అంటిన ఆకు తీసి, కొంగుతో శుభ్రంగా తుడిచి బిగించాను. కుండీల వైపు నాలుగడుగులు వేశానో లేదో, "పెద్దమ్మా, టీ!" అన్న కేక. బాటిలు సంచిలో పడేసి లోపలికి వెళ్లాను.

టీ సగం తాగేసరికి గోడమీద గడియారం ఎనిమిదిన్నర కొట్టింది. పిచ్చుక చటుక్కున లేచి, బీరువాలోంచి సన్నగా పొడుగ్గా ఉన్న గాజు గ్లాసు తీసింది. దాని మీద కింద నుంచి పైదాకా గీతలు.

"పద, ఈ ఇంట్లో అసలు చూడాల్సింది ఇదే. పెద్దాయన ఇక్కడికొచ్చిన రోజు నుంచి రోజూ ఎనిమిదిన్నరకి వాన కొలిచి పుస్తకంలో రాస్తున్నారు. ఎనభై మూడేళ్లు. ఒక్కరోజు కూడా గడి ఖాళీ లేదు. ఆయన పోయిన రోజున కూడా."

"ఆ రోజు ఎవరు రాశారు?"

"వంటావిడ. ఏడుస్తూనే రాసిందట, సిరా అలుక్కుపోయి ఉంటుంది, చూపిస్తా. ఈ ఆరు నెలలూ నేను రాశాను." మాట్లాడుతూనే అది ఇంటి వెనక్కి తిరిగింది. నా నడక నెమ్మదించింది. "రాత్రి ఎంత కొట్టిందో! నేనొచ్చాక ఇదే పెద్ద వాన. మాస్టారు వచ్చే రోజునే పడింది చూడు."

కంచె తలుపు తీసి గరాటు ఎత్తింది. సీసా బయటికి తీసింది. వెలుతురుకి పట్టి చూసింది. కింద పెట్టి డబ్బా లోపల చెయ్యి పెట్టి తడిమింది. గరాటు కంటికి ఆనించుకుని దాంట్లోంచి ఆకాశం చూసింది. దాని మొహంలో రక్తం లేదు.

నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి మాట రాకముందే గేటు దగ్గర సైకిలు బెల్లు మోగింది.

మాస్టారు బక్కపల్చటి మనిషి, డెబ్భై దాటిన వయసు. ప్యాంటు కాళ్లకి సైకిల్ క్లిప్పులున్నాయి. నేరుగా పెద్దాయన చదువుకునే గదిలోకి నడిచి, బల్ల వెనక కూర్చుని, వాన పుస్తకం తెరిచి పెన్ను మూత తీశారు. నన్ను ఎదురు కుర్చీలో కూర్చోమన్నారు. సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"ఎంతమ్మా?" అన్నారు పిచ్చుకతో.

"సీసా ఖాళీగా ఉంది మాస్టారూ."

"రాత్రి మా చూరు కింద బకెట్టు పొంగిపోయింది. సీసా పగిలిందా?"

"లేదు, చూశాను."

"గరాటుకి ఏదైనా అడ్డం పడిందా?"

"శుభ్రంగా ఉందండీ. నేనెప్పుడూ చూడనంత శుభ్రంగా ఉంది."

నేను కొంగు చివర గుప్పిట్లో దాచుకున్నాను.

"పొద్దున నువ్వే తీసి పారబోసి మర్చిపోలేదు కదా?"

"లేదండీ. లేదనే అనుకుంటున్నాను." అంది పిచ్చుక. "పెద్దమ్మ వస్తోందని పొద్దున్నుంచి నా కాళ్లు నేల మీద లేవు. నేనేం చేశానో నాకే నమ్మకంగా చెప్పలేను."

మాస్టారు కాసేపు బల్ల మీద వేళ్లతో తాళం వేశారు. "సరే, ఒక పని చెయ్యి. మా బకెట్టు పొంగిందంటున్నా కదా. దాన్నిబట్టి ఓ పాతిక మిల్లీమీటర్లని వేసెయ్. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది కదండీ."

ఆయన పెన్నుకి మూత పెట్టారు. టక్కుమని చప్పుడైంది.

"ఎనభై మూడేళ్లు," అన్నారు. "గడి ఖాళీగా పోయిన రోజునే మనిషిని ఖాయం చేశానని సంఘానికి ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇంకొకర్ని చూద్దామంటారు వాళ్లు. అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదమ్మా."

"అర్థమైందండీ. టీ తెస్తాను," అని పిచ్చుక తల దించుకుని వంటగదిలోకి వెళ్లింది.

ఒళ్లో బాటిలు చల్లగా పొట్టకి తగులుతోంది. నేను ప్రత్యేకంగా చేయాల్సిందేమీ లేదు. ఊరికే కూర్చుంటే చాలు. నాలుగు గంటల బస్సులో పిచ్చుక నా పక్కన, కిటికీ వైపు. ఖాళీ సంచి నిండుతుంది. పరిచిన దుప్పటి నలుగుతుంది. నేను అబద్ధం కూడా ఆడక్కర్లేదు, నన్నెవరూ అడగలేదుగా!

అలా అనుకుంటూనే మాస్టారి మొహం చూడలేక బల్ల మీదికి చూశాను. ఇదివరకెప్పుడైనా ఇలా జరిగిందేమోనని ఆయన పాత సంపుటాలు తీసి పేజీలు తిప్పుతున్నారు. పుస్తకం ఆయన వైపుంది. నాకు తలకిందులుగా కనిపిస్తోంది, అంటే నేను చదవడం నేర్చుకున్న పద్ధతిలో. తేదీ, వేళ, కొలత, ఆఖరున వెడల్పాటి గడి. దాని మీద "పొరపాట్లు" అని ఉంది.

"ఈ గడి ఏమిటండీ?"

"అది పెద్దాయన నియమం. పొరపాటు జరిగితే దాచకూడదు, కొలత పక్కనే రాయాలి. చేసినవాళ్లే రాయాలి. పేరు కాదు, ఆ పొరపాటు చేసినప్పుడు తామేమిటో అదే సంతకంగా పెట్టాలి," అన్నారు పేజీల మీంచి తలెత్తకుండా.

చదివాను. "పిల్లి గరాటులో పడుకుంది. కొలత తక్కువ కావచ్చు. వంటమనిషి." ఇంకోచోట: "తెల్లని వాన, పన్నెండు మిల్లీమీటర్లు. విచారించగా వేళాకోళానికి పోసిన పాలని తేలింది. కొట్టివేయడమైనది. బావమరిది." నాకు నవ్వు తన్నుకొచ్చింది. పేజీ తిరిగింది. వాలుగా, పెద్ద పెద్ద అక్షరాలు. "ముప్పై ఐదు నిమిషాలు ఆలస్యంగా చూశాను. అమ్మాయిని రైలెక్కించడానికి వెళ్లాను. రైలు వేళకే వెళ్లిపోయింది. నేనే కదల్లేదు. నాన్న."

ఆయన పేజీ తిప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

"ఇది ఎవరు రాసింది?"

"ఏది? తలకిందులుగా చదువుతున్నారా మీరు?"

"నాకదే అలవాటు. ఎవరండీ ఈ నాన్న?"

"పెద్దాయనే. ఇంకెవరు?"

ఆ వాక్యం పక్కనే కొలత గడిలో అంకె ఉంది. నాలుగు పాయింటు రెండు. రైలు పోయాక స్టేషన్లో రాయిలా నిలబడిపోయిన మనిషి, తిరిగొచ్చి, కంచె తలుపు తీసి, వంగి కొలిచాడన్నమాట.

"ఆ అమ్మాయి మళ్లీ వచ్చిందా?" అన్నాను.

"రాకేం! ప్రతి సెలవులకీ వచ్చేది. ఆవిడ వచ్చినప్పుడల్లా ఈ గడి నిండేది. చిన్నప్పుడు ఆ బావమరిదికి పాలగిన్నె అందించింది ఎవరనుకున్నారు?"

పిచ్చుక టీ కప్పుతో గుమ్మంలోకి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను సంచిలోంచి స్టీలు బాటిలు తీసి బల్ల మీద ఠంగుమని పెట్టాను.

"ఇదిగో, రాత్రి వాన."

మాస్టారు పుస్తకం పక్కకి జరిపారు.

"నేనే తీశాను. నిలవనీళ్లనుకున్నాను. దోమలొస్తాయని."

"పెద్దమ్మా! ఇక్కడిదాకా వచ్చి కూడానా!" పిచ్చుక టీ కప్పు బల్ల మీద పెట్టేసింది. "రోజూ పొద్దున్నే పారబోసే నీళ్లవి. దోమకి గుడ్డు పెట్టే తీరికెక్కడిది?"

"నాకేం తెలుసు? గరిటెకి అట్ట పెట్టావు, దానికి పెట్టలేదు!"

"కంచె లోపలికి ఎవరూ వెళ్లరని పెట్టలేదు!"

"నేను వెళ్లనని ఎలా అనుకున్నావే? పాతికేళ్లు నా దగ్గర పెరిగావు!"

"ఒక్క నిమిషం, ఒక్క నిమిషం." మాస్టారు లేచి నిలబడ్డారు. కుర్చీ వెనక్కి జరిగింది. ఆయన కళ్లు బాటిలు మీదే ఉన్నాయి. "మొత్తం ఇందులోనే ఉందా?"

"ఒక్క పుడిసెడు తప్ప. దాంతో మొహం కడుక్కున్నాను."

"పుడిసెడంటే ఎంత?"

"పుడిసెడంటే పుడిసెడే. ఎంతేమిటి?"

"బాటిల్లో అంతకుముందు నీళ్లున్నాయా?"

"లేవు. తాగేసి బోర్లించాను. నేను ప్రతిదీ బోర్లిస్తాను."

"ఆ సంగతి తెలిసిందిలెండి," అని పిచ్చుక వైపు తిరిగారు. "నిలబడి చూస్తావేం, కొలత గ్లాసు పట్రా."

గ్లాసులో ఒక విడతకి పది మిల్లీమీటర్ల వాన పడుతుంది. పిచ్చుక పోసింది, మాస్టారు వంగి గీత దగ్గర కన్ను పెట్టి చదివారు. పది. మళ్లీ పది. మూడోసారి ఆరు పాయింటు రెండు. బాటిలు తలకిందులు చేసి ఆఖరి చుక్క రాలేదాకా నిలబడ్డారు.

"ఇప్పుడు చెయ్యి పట్టండి," అన్నారు నాతో. "ఏ చెయ్యి?"

"కుడి."

"పొద్దున ఎలా పట్టారో అలాగే. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

పిచ్చుక గాజు సీసాలో కుళాయి నీళ్లు తెచ్చి నా అరచేతిలోకి వంపింది. దాని నవ్వు ఆగడం లేదు, నీళ్లు కదిలిపోతున్నాయి. "సరిగ్గా పొయ్యవే, ఇది సైన్సు," అన్నాను. చేతిలో నీళ్లు గ్లాసులోకి జారవిడిచాను. ఒకటి పాయింటు ఎనిమిది.

"సరిపోయిందా?" అన్నాను.

"పెద్దాయన ఏదైనా మూడుసార్లు కొలవనిదే నమ్మేవాడు కాదు. మళ్లీ పట్టండి."

రెండోసారి రెండు పాయింటు ఒకటి వచ్చింది. "ఆశపడ్డారు," అన్నారు మాస్టారు. మూడోసారి మళ్లీ ఒకటి పాయింటు ఎనిమిది. మూడూ కలిపి సగటు తీస్తే ఒకటి పాయింటు తొమ్మిది. ముప్పై ఏళ్లు ఇస్త్రీపెట్టె పట్టిన ఈ చేతికి ఒక అంకె ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు.

మాస్టారు పెన్ను మూత తీసి కొలత గడిలో రాశారు. ఇరవై ఎనిమిది పాయింటు ఒకటి. తరవాత పుస్తకం నా వైపు తిప్పి పెన్ను చేతికిచ్చారు.

"ఆఖరి గడి మీది."

చదవడమే కానీ నాకు రాసే అలవాటు లేదు. బట్టల మీద వేసే గుర్తులు తప్ప ఏమీ రాసినదాన్ని కాదు. పైగా నా చేతి కింద పడేసరికి అక్షరాలు కొత్తవాళ్లలా కనబడుతున్నాయి. చాలాసేపు పట్టింది. పిచ్చుక నా భుజం మీంచి ఒక్కో అక్షరం చదువుతోందని దాని ఊపిరిని బట్టి తెలుస్తూనే ఉంది.

"దోమలకు భయపడి సీసా ఖాళీ చేశాను. తెలిశాక కూడా వెంటనే చెప్పలేదు. పిల్లను ఇంటికి తీసుకుపోవచ్చుననుకున్నాను. పెద్దమ్మ."

మాస్టారు కిటికీ దగ్గరికి వెళ్లి, బయట ఏదో చాలా ముఖ్యమైనది ఉన్నట్టు చూడసాగారు.

"ఆ ఖాళీ సంచి నాకోసమా?" అంది పిచ్చుక.

"ఊఁ."

"దుప్పటి కూడా పరిచొచ్చావా?"

"ఇస్త్రీ చేసి."

అది నా మెడ చుట్టూ చేతులు వేసి మొహం నా భుజానికి ఆనించుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. రెండూ అనుకుంటాను, భుజం తడిసింది, కదులుతూ కూడా ఉంది.

కిటికీ దగ్గర మాస్టారు గొంతు సవరించుకున్నారు. "బకెట్టు చూసి అంకె వెయ్యమన్నప్పుడు వేసి ఉంటే నేను ఈ కాగితం చింపేసేవాణ్ని," అని జేబులోంచి మడత కాగితం తీసి, బల్ల మీద సాపు చేసి సంతకం పెట్టారు. "టీ చల్లారిపోయింది. ఇంకోటి దొరుకుతుందా?"

పది నుంచి జనం వచ్చారు. పిచ్చుక గొడుగుల దగ్గర మొదలుపెట్టి పిండి పళ్లెందాకా చెబుతుంటే నేను వాళ్లలో కలిసిపోయి మళ్లీ విన్నాను. రాగి డబ్బా దగ్గర ఎవరో ఆవిడ, "ఇందులో దోమలు రావా?" అంది. పిచ్చుక నావైపు చూడకుండా జవాబు చెప్పడానికి చాలా కష్టపడింది. మధ్యాహ్నానికల్లా కంచె తలుపుకి ఒక అట్ట వేలాడింది. "ముట్టవద్దు. పెద్దమ్మలతో సహా."

నాలుగింటికి బస్సు. పావుగంట ముందు పిచ్చుక నా ఖాళీ సంచి లాక్కుని గదిలోకి వెళ్లి, నిండుగా కుక్కి తెచ్చింది. చూస్తే అన్నీ దాని బట్టలే, ఉండలు చుట్టి ఉన్నాయి.

"ఇవేంటి?"

"ఇక్కడ ఇస్త్రీ చేసేవాళ్లు లేరు. నీలాగా అసలే లేరు. చేసి ఉంచు, వచ్చే నెల మొదటి వారం వచ్చి తీసుకెళ్తా. ఇంకో సంచి మాసినవి తెస్తా."

"ఇస్త్రీపెట్టె కొనుక్కోవచ్చుగా?"

"కొనుక్కోను."

గేటు దగ్గర బస్సు ఆగింది. పొద్దుటి కండక్టరే. నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి పిచ్చుక కిందికి దిగింది. నేను గుండె చిక్కబట్టుకుని, అది అనబోయే "వస్తా" కోసం ఎదురుచూశాను. అది వాచీ చూసుకుంది.

"అమ్మో, నాలుగైపోతోంది! థర్మామీటరు చూసి పుస్తకంలో రాయాలి!" అని కేకేసి వెనక్కి తిరిగి పరుగెత్తింది. చెప్పులు చేతిలో పట్టుకుని మరీ పరుగు. వరండా మెట్టు మీద కాలు జారి, నిలదొక్కుకుని, లోపలికి దూరిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. నేను కిటికీలోంచి తల బయట పెట్టి, "పడతావే, నెమ్మది!" అని అరిచాను. బస్సు కదిలాక గానీ నేను నవ్వుతున్నానని నాకు తెలియలేదు.

"సంచి నిండిందే!" అన్నాడు కండక్టరు.

"చెప్పాను కదా."

మలుపు దగ్గర వాన మొదలైంది. ఇది రేపు ఎనిమిదిన్నర లెక్కలోకి వస్తుంది. ఎంతుంటుందో చూద్దామని కిటికీలోంచి కుడిచెయ్యి బయటికి చాపి అరచెయ్యి గుంటగా పట్టాను.

"చెయ్యి లోపల పెట్టండమ్మా! వెనక లారీ వస్తోంది!"

"కాస్త ఆగు బాబూ," అన్నాను. "ఇంకా నిండలేదు."